దూది కరిపించి ప్రశ్నలడిగే డాక్టరు

మా ముత్తాత రాజన్న పటేలు గుర్రం దిగకుండానే తహసీల్దారుతో మాట్లాడేవాడట. నిజాం కాలంలో ఆయన మాలీపటేలు. శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది, పొలిమేర తగాదాల్లో ఆఖరి మాట ఆయనది. తాత మల్లన్న పటేలు గుర్రం దిగాడు గానీ ఎవరి అరుగు మీదా కూర్చోలేదు. రాజురలో కచేరీకి పోతే ఆయన కుర్చీ ఆయన వెనకాల బండిలో పోయేది. మా నాన్న భీమన్న పటేలు కాలానికి రాజుర తాలూకా మహారాష్ట్రలో కలిసింది, కాగితాలు మరాఠీలోకి మారాయి, పటేలుగిరి చట్టంతో పోయింది. మా వంశంలో బస్సులో నిలబడి ప్రయాణం చేసిన మొదటి మనిషి ఆయన. పరాయివాడి ముందు తల వెనక్కి వాల్చి నోరు తెరిచిన మొదటి మనిషిని నేను.

ఆ పరాయివాడు చనిపోయాడని మొన్న విరూర్ స్టేషన్లో తెలిసింది. బల్లార్షా ప్యాసింజరు కోసం కూర్చున్నాను. పక్కన బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి ఒకడు, నన్ను ఎరిగినవాడే, సంచిలోంచి పొగాకు తీస్తూ అన్నాడు.

"చాందా పండ్ల డాక్టర్ పోయిండట గదా, పటేలా."

"ఏ డాక్టరు?" అన్నాను, తెలిసి కూడా.

"గదే, నోట్లె దూది పెట్టి ముచ్చట అడిగేటాయన. నన్ను గూడ అడిగిండు. బాయిల దిగినంక నీకు ఆకలి ఎక్కువైతదా తక్కువైతదా అని. ఇప్పటికి సుత నాకు తెల్వది."

ఆ మనిషి ఆయన పేరు చెప్పలేదు. చంద్రపూర్‌ను చాందా అని పిలిచే మా దిక్కు జనం ఎవరూ ఆయన పేరు చెప్పగా నేను వినలేదు. బోర్డు మీద ఉండేది, ఎండకు వెలిసి సగం అక్షరాలే కనిపించేవి. నేనూ రాయను. పేరు రాస్తే ఆ ఊరూ ఈ కులమూ అని లెక్కలు మొదలవుతాయి. ఆయనకు ఆ లెక్కల మీద ఆసక్తి ఉండేది కాదు. మిగిలిన ప్రతిదాని మీదా ఉండేది.

ఆయన దగ్గరికి నేను మొదటిసారి పోయింది పొలాల అమావాస్యకు వారం ఉందనగా. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు మా రోడ్ల మీద తిరగడం ఎక్కువైన రోజులవి. చాందా చౌరస్తాల్లో ఎస్టీడీ బూత్‌లు పుట్టుకొస్తున్నాయి. నాకు అప్పటికి ముప్పై దాటలేదు. ఒక రాత్రి కుడి దవుడ లోపల పోటు మొదలై, తెల్లారేసరికి చెంప వాచి, నోరు వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. అమ్మ లవంగం పెట్టింది. ఉప్పు మూటతో కాపడం పెట్టింది. చివరికి ఎవరో చెబితే నల్లజీడి కాల్చి చెంప మీద చుక్క పెట్టింది. వాపు తగ్గలేదు, దాని పక్కన ఒక బొబ్బ మాత్రం లేచింది.

వాపు ఒక్కటే అయితే తలుపు మూసుకుని పడుకునేవాణ్ణి. కానీ పొలాల రోజు నా నోటితో పని ఉంది.

మా దిక్కు పొలాల అమావాస్య ఎడ్ల పండుగ. ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగు పూసి, వీపు మీద రంగుల గుడ్డ కప్పి సాయంత్రం ఊరి బయటికి తోలుకొస్తారు. అక్కడ రెండు గుంజల మధ్య మామిడాకుల తోరణం కట్టి ఉంటుంది. పటేలు ఇంటి జత దాని కింద నుంచి పోయేదాకా ఊళ్ళో ఏ ఎద్దూ కదలకూడదు. ఆ జత కదిలే ముందు ఆ ఇంటి మగవాడు తోరణం పక్కన నిలబడి, ఆఖరి వరుసకు వినబడేంత గట్టిగా తన పెద్దల పేర్లు పిలవాలి. రాజన్న పటేలు ఎడ్లు, మల్లన్న పటేలు ఎడ్లు, భీమన్న పటేలు ఎడ్లు, దారి ఇయ్యిండ్రి. అంతే. దీన్ని మేము మానం అంటాం. గుర్రం, కుర్చీ, శిస్తు అన్నీ పోయాక మా ఇంటికి మిగిలిన హోదా అదొక్కటే.

దానికి ఒక నియమం ఉంది. పిలిచిన నోటిదే మానం. ఒక ఏడు ఎవరు పిలిస్తే ఆ తరువాత మానం వంశంలో వాళ్ళ కొమ్మదే. ఈ నియమం మాకంటే బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే మానం మాకు వచ్చింది అలాగే. తాత మల్లన్న పటేలుకు ఒక అన్న ఉండేవాడు. ఒక ఏడు ఆయన చలిజ్వరంతో మంచం మీద ఉంటే తాత పోయి పిలిచాడు. జ్వరం తగ్గింది, మానం మాత్రం ఆ ఇంటికి తిరిగి పోలేదు. ఆ పెద్దతాత మనుమడు నాకు వరుసకు తమ్ముడు. ఉప్పర్వాహి దగ్గర సిమెంటు పనికి లారీలు తిప్పే కాంట్రాక్టు పట్టి బాగుపడ్డాడు. ట్రాక్టరు కొన్నాడు. అయినా ఒక జత ఎడ్లను అమ్మకుండా మేపుతున్నాడు. ఎందుకు మేపుతున్నాడో ఊరందరికీ తెలుసు.

నా దవుడ వాచిన మర్నాడే వాడు మా ఇంటికి వచ్చాడు, గంపెడు జామకాయలు పట్టుకుని.

"అన్నా, రంది పెట్టుకోకు," అన్నాడు మంచం పక్కన పీట వేసుకుని. "నోరు రాకుంటే నేను లేనా? మనది ఒక్కటే రక్తం గదా."

"వస్తది," అన్నాను పళ్ళ సందుల్లోంచి.

"ఏంది?"

"వస్తది!"

"సరే తియ్యి. జామకాయలు తిను, మంచిగ గట్టిగున్నయి," అని లేచి పోయాడు.

ఆ మధ్యాహ్నమే నేను రైలెక్కాను.

ఆయన దవాఖానా జట్‌పురా దర్వాజా దగ్గర ఒక సందులో ఉండేది. రెండు గదులు. వెనక గదిలో కుర్చీ. ముందు గదిలో గోడ పొడవునా ఒక చెక్క బల్ల. నేను గడప దాటేసరికి ఆ బల్ల మీద మనుషులు వరుసగా నోళ్ళు బిగించి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. మందపాటి కళ్ళద్దాలకు తాడు కట్టుకున్న పొట్టి మనిషి ఒకాయన, ట్రాఫిక్ పోలీసు ముందు వంగి నిలబడి మరాఠీలో అడుగుతున్నాడు: పన్ను పోయాక విజిల్ చప్పుడు మారుతుందని నీకు భయంగా ఉందా? పోలీసు కాసేపు ఆలోచించి తల నిలువుగా ఊపాడు. ఆ పొట్టి మనిషి ముఖం ఎంత వెలిగిందంటే, నేను ఎక్కడికో తప్పు చోటికి వచ్చాననుకున్నాను.

ఆయన పద్ధతి అది. పన్ను తీసిన చోట దూది చుట్టిన గుడ్డ పెట్టి, గట్టిగా కరిచి పట్టుకోమని ఆ బల్ల మీద కూర్చోబెట్టేవాడు. ఎంతటివాడైనా సరే, ఆ గుడ్డకు నెత్తురు అంటడం తగ్గిందని ఆయన చూసేదాకా గడప దాటనిచ్చేవాడు కాదు. మిగతా డాక్టర్లు దూది పెట్టి ఇంటికి పంపేస్తారు. జనం బయట అడుగు పెట్టగానే దూది ఉమ్మేసి పొగాకు వేసుకుంటారని ఈయన అనేవాడు. అది నిజమే. కానీ ఆ బల్లకు రెండో ఉపయోగం కూడా ఉండేది. దాని మీద కూర్చున్నవాళ్ళు మాట్లాడలేరు. అప్పుడు ఆయన అడిగేవాడు. అవునంటే తల నిలువుగా, కాదంటే అడ్డంగా, తెలియదంటే చెయ్యి పైకి. చెయ్యి పైకి లేచినప్పుడు ఆయనకు కలిగే సంతోషం మిగతా రెండింటికీ కలిగేది కాదు. "ఆఁ, గిది అసలైన జవాబు," అనేవాడు.

ఆయన ముందు పన్ను ఒకటి లేదు. పండ్ల డాక్టరు నవ్వితే నోట్లో సందు కనిపించడం చూసి కొత్తవాళ్ళు జంకేవారు. ఎవరైనా అడిగితే, "నాది ఎవలు తీస్తరు, ఎవలు పెడుతరు?" అనేవాడు. చేతుల నుంచి ఎప్పుడూ లవంగ నూనె వాసన వచ్చేది.

"ఏ ఊరు నీది?" అని అడిగాడు నన్ను, కుర్చీలో కూర్చోబెట్టి.

నన్ను ఏకవచనంలో పిలిచేవాళ్ళు మా ఇంట్లో తప్ప ఎవరూ లేరు. వీపు నిటారుగా పెట్టి, పళ్ళు విడకుండానే ఊరు చెప్పాను, రాజన్న పటేలు మునిమనుమణ్ణని చెప్పాను, గుర్రం సంగతీ చెప్పాను. మా దిక్కు ఆ మాత్రం చెబితే మిగతాది ఎదుటివాడు చూసుకుంటాడు.

ఆయన టార్చిలైటు నా నోటి దగ్గర పెట్టి ఆసక్తిగా అడిగాడు. "ఆయనకు గూడ అకల్‌దాడ గిట్లనే అడ్డం వచ్చిందా?"

అకల్‌దాడ అంటే జ్ఞానదంతం. రాజన్న పటేలు గురించి నన్ను చాలామంది చాలా అడిగారు. ఇది ఎవరూ అడగలేదు.

"తెలియదు," అన్నాను.

"గుర్రం దిగలేదని తెలుసు, పండ్ల సంగతి తెల్వదా?" అని, తప్పు పట్టినట్టు కాదు, నిజంగా ఆశ్చర్యపోయినట్టు అన్నాడు. తరువాత జీడి చుక్క చూశాడు. "ఇది మీ అమ్మ పెట్టిందా? పెట్టేటప్పుడు మంత్రం చదివిందా, ఊకనే పెట్టిందా?"

నేను ఆయనకు పొలాల సంగతి చెప్పాను. మానం, తమ్ముడు, పిలవాల్సిన పేర్లు, అన్నీ. పళ్ళ సందుల్లోంచి చెప్పడానికి చాలాసేపు పట్టింది. అమావాస్య దాటేదాకా ఎలాగైనా ఆపమన్నాను. ఆయన ఓపికగా విని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"చూడు పటేలా. మందులిస్త. రెండొద్దులకు వాపు దిగుతది, నోరు తెరుచుకుంటది, అప్పుడు తీస్త. తీస్తే అమాసనాటికి నీకు మాట వస్తది, కేక రాదు. కేక పెడితే కుట్లు తెగుతయి. తియ్యకుంటే ఇది మళ్ళ లేస్తది. ఈసారి మెడలకు దిగితే కేక గురించి కాదు, ఊపిరి గురించి ఆలోచన చెయ్యాలె. నీ ఇష్టం."

మందులు తీసుకుని ఇంటికి వచ్చాను. ఆయన చెప్పినట్టే రెండు రోజులకు నోరు తెరుచుకుంది. తెరుచుకోగానే ఇక తీయించనక్కర లేదనిపించింది. పెరట్లోకి పోయి ఒక కేక పెట్టి చూశాను. కేక బాగానే వచ్చింది, వెంటే చెవిలోకి కత్తి దిగినట్టు పోటు వచ్చింది. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నన్ను చూసి, చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

తీసేటప్పుడు నాకు గుర్తున్నది నొప్పి కాదు. సూది మందుకు సగం ముఖం ఎవరిదో అయిపోయింది. పన్ను దవుడలో నిలబడకుండా పడుకుని ఉందట. "కాళ్ళు సాపుకొని పండుకున్నది, పటేలు లెక్క," అన్నాడు ఆయన. రెండు ముక్కలు చేసి తీయాలన్నాడు. పచ్చి వెదురు చీల్చినట్టు తల లోపల చప్పుడయింది. పక్కనే పెద్ద కరెంటు కేంద్రం ఉన్న ఆ ఊళ్ళో సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆయన పనిముట్టు నా నోట్లోనే ఉంచి, చీకట్లో నిట్టూర్చాడు.

"దేశానికి కరెంటు ఇక్కడ్నే పుడుతది, ఇక్కడ్నే సస్తది."

టార్చి నా చేతికే ఇచ్చాడు. నా పన్ను నేనే వెలుగు పట్టి తీయించుకున్నాను.

తరువాత బల్ల. నాకు ఒక పక్క బస్సు కండక్టరు, ఇంకో పక్క ముసలి మరాఠీ పంతులు, ముగ్గురమూ దూది కరిచి గోడకు ఆనుకున్నాం. మా తాత ఎవరి అరుగు మీదా కూర్చోలేదని ఆ కండక్టరుకు చెప్పాలనిపించింది, నోరు లేదు. డాక్టరు లోపలి నుంచి వచ్చి ఒక తువ్వాలు నా ఒళ్ళో వేసి, వీధి వైపు చూస్తూ వాన వచ్చేటట్టుందా అని కండక్టరును అడిగాడు. అప్పుడు చూసుకున్నాను. మొద్దుబారిన పెదవి నుంచి చొంగ కారి నా తెల్ల లాల్చీ ముందు భాగమంతా తడిసి ఉంది. నేను తుడుచుకునేదాకా ఆయన వాన మబ్బును చూస్తూనే ఉన్నాడు.

ఆ తరువాత నా ముందు స్టూలు వేసుకున్నాడు.

"నువ్వు పిలువకుంటే ఎడ్లు కదలవా?"

కదలవని తల ఊపాను.

"ఎప్పుడన్న పిలువకుంట చూసిండ్రా?"

లేదు.

"ఊర్లె అందరికి ఆ పేర్లు ఎరుకేనా? చిన్న పోరగాండ్లకు సుత?"

అవును.

"మరి ఎరుకున్నోళ్ళకు మళ్ళ ఎందుకు చెప్పుడు?" అని అడిగి, అది అవును కాదు తేలే ప్రశ్న కాదని గుర్తొచ్చి నవ్వాడు. ఇంకోలా అడిగాడు. "ఎడ్లకు చెప్తవా?"

కాదు.

"మనుషులకు చెప్తవా?"

నా తల కదలలేదు.

"సచ్చిపోయినోళ్ళకు చెప్తవా?"

నా చెయ్యి దానంతట అది పైకి లేచింది. ఆయన ముఖం విప్పారింది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మా ఇంటి మానాన్ని, మా నాన్న ప్రాణం పోయే ముందు కూడా తలచుకున్నదాన్ని, ఒక బొగ్గుబాయి కూలి కొడుకు స్టూలు మీద కూర్చుని గడియారంలా విప్పి చూస్తున్నాడు. తన తండ్రి బాయిలో పనిచేశాడని ఆయనే చెప్పాడు, ఎవరూ అడగకుండా. లేచి పోదామనుకున్నాను. గుడ్డ తడి ఇంకా ఎర్రగానే ఉంది, కూర్చోమన్నాడు. కూర్చున్నాను. రైల్లో ఇంటికి పోతూ ఉండగా మాత్రం ఆ ప్రశ్న మళ్ళీ నన్ను పట్టుకుంది. ఎవరికి చెబుతున్నాం? నాన్న పిలిచేటప్పుడు ఎటు చూసేవాడు? జ్ఞాపకం చేసుకుంటే, ఆయన ఎడ్ల వైపూ జనం వైపూ చూసేవాడు కాదు. తోరణం మీదుగా మెట్ట చెలకల వైపు చూసేవాడు.

"తెలివి పన్ను తీసేసిండా?" అన్నది అమ్మ నా ముఖం చూసి. "ఉన్నదే అంతంత."

ఉమ్మకూడదు, పీల్చకూడదు, వేడిది తినకూడదు, చల్లనిది తినాలి, కేక పెట్టకూడదు. ఇవీ ఆయన ఆజ్ఞలు. అంబలి చల్లార్చి తాగాను. ఉమ్మి వచ్చినప్పుడల్లా మింగాను. చల్లనిదంటే మా ఊళ్ళో ఫ్రిజ్ లేదు, విరూర్ స్టేషన్ ముందు సోడా బండివాడు పుల్ల ఐసు అమ్మేవాడు. పటేలు ఇంటి మనిషి పుల్ల ఐసు చీకుతూ నిలబడటం ఊరు చూడకూడదు. స్టీలు గ్లాసు తీసుకుపోయి, నారింజ రంగు ఐసును అందులో వేయించుకుని, నీళ్ళ ట్యాంకు వెనకాల నిలబడి చెంచాతో తిన్నాను. స్టేషన్ మాస్టరు ఆ పక్కగా పోతూ ఆగాడు.

"ఎట్లున్నది పటేల్ సాబ్?"

"మందు," అన్నాను. మాట వచ్చింది. కేక రాదని ఆ ఒక్క మాటతోనే తెలిసింది.

పొలాల రోజు పొద్దున ముసురు పట్టి మధ్యాహ్నానికి విడిచింది. ఎడ్లను కడుగుతుంటే డాక్టరు మా వాకిట్లోకి వచ్చాడు. చంకలో గొడుగు, మోకాళ్ళ దాకా బురద. రాజుర నుంచి వచ్చిన బస్సు వాగు దగ్గర ఆగిపోతే నడిచి వచ్చాడట.

"ఎందుకు వచ్చారు?" అన్నాను.

"పిలువకుంటే కదులుతయా లేవా చూస్తామని," అన్నాడు. అంతకంటే పెద్ద కారణం ఉండాలని ఆయనకు తోచినట్టే లేదు.

వాకిట్లోనే నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నోరు తెరిపించి, అమ్మ చూస్తుండగా కుట్లు చూశాడు. వాపు ఇంకా ఉంది. "కేక పెట్టినవో, నీ చేత మళ్ళ టార్చి పట్టిస్త," అన్నాడు. తరువాత ఊరంతా తిరిగి అడిగాడు. కొమ్ములకు ఎరుపు ఎందుకు, ముసలి ఎద్దు ఎడమ వైపే ఎందుకు. తమ్ముడిని కూడా వదల్లేదు.

"నీయి ఎడ్లా, ట్రాక్టరా?"

"రెండున్నయి సార్."

"ఈ పొద్దు దేనికి పూజ చేసినవు?"

"రెండింటికి చేసిన."

"దేనికి ముందుగాల?"

తమ్ముడు నవ్వి తప్పించుకున్నాడు. జవాబు ఊరందరికీ తెలుసు. ట్రాక్టరు మూతికి కుంకుమ ఎండిపోయింది, ఎడ్ల నుదుట ఇంకా తడిగా ఉంది.

సాయంత్రం ఊరి బయట వరుసలు నిలబడ్డాయి. మా జత ముందు. దాని వెనకాల తమ్ముడి జత, కొత్త గజ్జెలతో. నేను తోరణం పక్కన నిలబడ్డాను, తలకు రుమాలు చుట్టి, వాచిన చెంప కనబడేలాగే. రుమాలుతో దాగే వాపు కాదు అది. డప్పు ఆగింది. అందరూ నా వైపు చూశారు.

నోరు తెరిచాను. ఎండిన తలుపు కదిలినట్టు ఒక చప్పుడు వచ్చింది, అది నా ఎడ్లకు కూడా వినబడి ఉండదు. నాలుక మీద నెత్తురు రుచి తగిలింది. మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి చప్పుడు కూడా రాలేదు. వెనక వరుసల్లో గుసగుస మొదలయింది. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. ఒక అడుగు ముందుకు వేసి, కేక పెట్టేవాళ్ళు పెట్టినట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను వాణ్ణి ఆపలేను. ఆపడానికి కూడా నోరు కావాలి.

అప్పుడు ఆయన అడిగాడు. జనంలో ముందు వరుసలో నిలబడి, గొడుగు చంకలో పెట్టుకుని, మా ఎడ్లను చూస్తూ, బల్ల మీద కూర్చున్నవాళ్ళను అడిగే గొంతుతోనే.

"గీ ఎడ్లు ఎవలయి?"

కొత్త మనిషి, బురదలో నడిచి వచ్చిన మనిషి అడిగితే జవాబు చెప్పకపోవడం మా దిక్కు మర్యాద కాదు. ఆయన పక్కనున్న ముసలమ్మ చెప్పింది.

"రాజన్న పటేలయి, బాంచెన్."

"ఆయన లేడు గదా ఇప్పుడు. తర్వాత?"

"మల్లన్న పటేలయి," అన్నారు. ఈసారి రెండు మూడు గొంతులు కలిశాయి.

"తర్వాత?"

"భీమన్న పటేలయి!" ఆఖరి వరుస దాకా అందరూ అన్నారు. పిల్లలైతే కేకే పెట్టారు.

తమ్ముడి చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది.

"మరి ఇప్పుడు?"

 పిలుపులో నాలుగో పేరు లేదు. పిలిచేవాడు తన పేరు చెప్పుకోడు, వినేవాళ్ళు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అందరూ నన్ను చూశారు. ముసలమ్మ చెయ్యి చాపి చూపించింది.

"గీయనయే. గీ దవుడ వాసినాయనయి."

నవ్వు లేచింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిల్లలూ అందరూ నవ్వారు, నాకు నవ్వడానికి దవుడ రాదు గానీ లోపల నేనూ నవ్వాను. ఆ నవ్వుకు బెదిరి మా ముసలి ఎద్దు ముందుకు దూకింది, జత ఎద్దూ దానితో పాటు లాగింది. తోరణం తెగి వాటి కొమ్ముల మీద పడింది. వెనకాల వరుసలన్నీ కదిలాయి.

రాత్రి పెద్దమనుషులు కూర్చున్నారు. తమ్ముడు అన్నాడు, "అన్న పిలువలే. అది మీరందరు చూసిండ్రు."

"నువ్వు పిలిచినవా?" అన్నాడు ఒక పెద్దాయన.

"పిలుద్దునే. ఆ డాక్టర్ పిలువనియ్యలే."

"డాక్టర్ గూడ పిలువలే. అడిగిండు."

"మరి పిలిచిందెవలు?"

 పిలిచిన నోటిదే మానం అయితే, ఆ ఏడు పిలిచింది ఊరు. ఆ మాట అక్కడున్న ప్రతి ఒక్కరికీ తోచింది, ఒక్కరూ పైకి అనలేదు. వచ్చే ఏడు చూద్దామని లేచిపోయారు. ఆయన అప్పటికే ఎవరి లారీలోనో చాందా చేరుకున్నాడు.

ఆయన ఆ ప్రశ్న కావాలని అడిగాడా, ఊరికే అడిగాడా? నన్ను నిలబెట్టడానికి అడిగాడా, లేక ఆయనకు నిజంగా ఆ జవాబే కావాలా? మానాన్ని ఆ సాయంత్రం నాకు దక్కించాడా, మా ఇంటి నుంచి తీసి ఊరి చేతిలో పెట్టాడా? కుట్లు విప్పించుకోవడానికి పోయినప్పుడు, నోట్లో దూది లేని సమయం చూసుకుని, సూటిగా అడిగాను. ఆయన లవంగ నూనె చేతులు కడుక్కుంటూ, "నీకేమనిపిస్తది?" అన్నాడు.  నేను చెయ్యి పైకెత్తాను. ఆయన పగలబడి నవ్వాడు. పళ్ళ సందు కనిపించింది, కళ్ళద్దాల తాడు ఊగింది.

ఆ రోజే అడిగాను, ఇంతమందిని ఇన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారని.

"పొద్దుగూకెదాక మంది నోర్లు చూస్త," అన్నాడు. "అందరు తెరిచే ఉంచుతరు. ఒక్కలు గూడ నాతోని మాట్లాడరు." తరువాత ఏమనుకున్నాడో, "నీ ఎడమ దిక్కుది గూడ పండుకునే ఉన్నది. వచ్చే వానకాలం వరకు ఆగుతదేమో చూద్దాం," అని లోపలికి పోయాడు.

ఎడమది మరుసటి వానాకాలం దాకా ఆగింది. మళ్ళీ సూది, మళ్ళీ వెదురు చప్పుడు, మళ్ళీ బల్ల. ఈసారి నా పక్కన ఒక గని కూలీ భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆయన స్టూలు లాక్కుని నా ముందు కూర్చున్నాడు. కొద్దిగా ముసలివాడయ్యాడు, ఆ కళ్ళలో కుతూహలం మాత్రం అలాగే ఉంది.

"అమాస దగ్గరికొచ్చింది. ఈసారి నేను రావాలెనా?"

వద్దని తల అడ్డంగా ఊపాను.

ఎందుకని అడుగుతాడని ఎదురుచూశాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, ఇంటికి పోయేముందు దూది తీశాక చెబుదామని.  ఆ బల్ల మీద ఎవరినైనా ఆయన ఒక్క ప్రశ్నతో వదిలేయడం నేను చూసింది అదొక్కసారే. స్టూలు జరుపుకుని, పక్కనున్న ఆమెను ఏదో అడగడం మొదలుపెట్టాడు. నేనూ చెప్పకుండానే రైలెక్కాను.

రోడ్డు పక్క మాకు మిగిలిన చెలకను అంతకు ముందు వేసవిలోనే సిమెంటు వాళ్ళకు అమ్మాం. దున్నడానికి భూమి లేక, తోరణం కింద నడిపే ఆ ఎడ్ల జతను గోండ్‌పిప్రి రైతు ఒకాయనకు అమ్మేశాం.